ఉప్పు కాపడం

డాక్టర్ బొరిన్ దుప్పటి ఎత్తి పట్టుకుని, "రండమ్మా, అందరూ ఇలా వచ్చి చూడండి" అన్నాడు.

పిల్లల వార్డులోని తల్లులు మంచాల దగ్గర్నించి లేచి వచ్చారు. కొందరి చేతుల్లో జావగిన్నెలున్నాయి. ఒకామె పాలు తాగుతున్న పిల్లను భుజాన వేసుకునే వచ్చింది. మంచం మీద ఉన్నది కుంథియా, ఎనిమిదేళ్ల పిల్ల. ఎడమకాలికి మోకాలి కింద నుంచి మడమ దాకా కట్టు ఉంది. కట్టుకి పైన, మోకాలి పక్కన, అరచేయంత మేర చర్మం కమిలి నల్లబడింది. అందరూ తన కాలే చూస్తున్నారని తెలిసి ఆ పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఏంటిది? ఎవరైనా చెప్పండి" అన్నాడు డాక్టరు. తనే జవాబు చెప్పాడు. "ఉప్పుమూట. పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి పిల్ల కాలి మీద పెట్టారు. లోపల ఎముక చీము పట్టి కుళ్లిపోతోంటే పైన కాపడం పెట్టుకుంటూ కూర్చున్నారు. ఎవరు చేశారీ పని? పొరుగువాళ్లా? కాదు, కన్నతల్లి. ఇదిగో, ఈవిడే."

థారీ మంచం తలవైపు నిలబడి ఉంది. బుద్ధెరిగిన దగ్గర్నించి ఉప్పుమడుల్లో పనిచేసిన చేతులు ఆమెవి. వేళ్ల సందుల్లో పగుళ్లు ఎండాకాలమంతా మానవు. ఆ చేతులతో మెడలోని క్రమా కండువా తీసి మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. కాపడం పెట్టిన మాట నిజమే. వాళ్ల ఊళ్లో నడుం పట్టినా, బాలింతకి కడుపు నొచ్చినా, పిల్లలు నిచ్చెనమెట్ల మీంచి పడినా ఉప్పే వేయిస్తారు. కాని పిల్ల ఎముక కుళ్లింది ఉప్పువల్ల కాదని ఆమెకి తెలుసు. మూడు వారాలు ఆలస్యం చేయించింది ఎవరో కూడా తెలుసు. తెలిసి నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చినందుకు ఆమెకి ఒళ్లంతా మండుతోంది.

డాక్టరు దుప్పటి దించాడు. "ఆఖరుసారి అడుగుతున్నా. ఇక్కడికి తీసుకురాకముందు ఎవరైనా సూది వేశారా? సెలైన్ ఎక్కించారా?"

"లేదండీ."

"మందులేమైనా వాడారా?"

"లేదండీ. ఉప్పే."

పాలపిల్ల తల్లి ఫక్కున నవ్వి, నవ్వినందుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నర్సు చంతూ వైపు తిరిగాడు. "సరే, చీము పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు. ఇక్కడికి రాకముందు మందేమీ పడకుండానే చీము శుభ్రంగా ఉందంటే మనం కోసి కడిగినప్పుడే చాలావరకు పోయిందన్నమాట. జ్వరం కూడా దిగింది. నరంలోకి మందు ఆపెయ్. ఇవాళ్టినుంచి నోటికి మాత్రలు." తర్వాత థారీతో అన్నాడు. "విను. ఎముక జబ్బు ఇది. పిల్లలకైతే కొన్నాళ్లు నరంలోకి, తర్వాత వారాల తరబడి నోటికి. జ్వరం లేదు కదా అని మాత్రలు మధ్యలో ఆపావో, ఈసారి చీము కడగడంతో పోదు. కాలే తీసెయ్యాల్సొస్తుంది. బుర్రకెక్కిందా?"

థారీ తల ఊపింది. ఆయన పక్క మంచానికి వెళ్లాడు. అక్కడి పిల్లాడికి రాసిన మందు స్టోరులో లేదనీ, ఎదుటి కొట్లో తెచ్చుకోమనీ చంతూ చెబుతోంది. ఆ ఆసుపత్రిలో ఖరీదైన మందులు ఎప్పుడూ ఉండవు. ఎదుటి వరస కొట్లలో మాత్రం ఎప్పుడూ ఉంటాయి. ఎందుకని అడిగే సత్తా ఉన్నవాళ్లు అసలు ఆ ఆసుపత్రికి రారు, వచ్చేవాళ్లకి అడిగే సత్తా ఉండదు.

మధ్యాహ్నం థారీ మొగుడు మౌన్ మడుల నుంచి వచ్చాడు. కాళ్లకి ఉప్పు ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. ఒక చేతిలో జావ క్యారియరు, రెండో చేతిలో వలసంచీ నిండా కమలాపళ్లు.

"ఇవెక్కడివి?" అంది థారీ.

"అన్నయ్య ఇచ్చాడు, పిల్లకిమ్మని."

అన్నయ్యంటే మౌన్ పెదనాన్న కొడుకు సావుత్. ఊళ్లో సూదులు వేసేది, సెలైన్లు ఎక్కించేది అతనే. ఎప్పుడో సైన్యంలో కట్లు కట్టడం నేర్చుకున్నాడు. మిగతాదంతా చేస్తూ చేస్తూ వచ్చింది. అర్ధరాత్రి కబురు పెట్టినా మోటారుసైకిలు మీద మడిగట్ల వెంట వస్తాడు. డబ్బు ఇప్పుడు లేదంటే పంట ఎత్తాక ఇమ్మంటాడు. ఊళ్లో అతన్ని ఒక్కమాటన్నవాడు లేడు.

థారీ సంచీని మంచం కిందికి కాలితో తోసింది. "పిల్ల ముట్టుకోదు వీటిని."

"పళ్లేం చేశాయే?"

"ఇవాళ ఆ డాక్టరు నన్ను పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు. ఉప్పుతో బిడ్డను కాల్చుకున్న రాక్షసినట. మీ అన్నయ్య పొడిచిన సూదుల సంగతి నా నోట్లోనే ఉంది. మింగలేక కక్కలేక చస్తున్నా."

మౌన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పడితే పడ్డావులే, ఒక మాటకి ఏం అరిగిపోతావు? అన్నయ్య మరీ మరీ చెప్పాడు, తన పేరు రానివ్వొద్దని. పైనించి తనిఖీకొస్తే ఇల్లు మూయించి లోపలేస్తారట. అప్పుడు మన మడులదాకా వచ్చేవాడెవడు?"

"వచ్చేగా ఇంత చేశాడు!"

"మొదటి సూదికే పిల్ల లేచి గెంతుతుంటే చంకలు గుద్దుకుంది నువ్వు కాదూ? బావగారి చేతివాసి అని ఊరంతా చెప్పుకొచ్చింది ఎవరు?"

ఆ మాట నిజం కాబట్టే థారీకి కోపం ఇంకా పెరిగింది. సూది పడగానే జ్వరం పోయేది, నొప్పి పోయేది, పిల్ల బడికి పరిగెత్తేది. నాలుగురోజులకి మళ్లీ కాలు పట్టుకుని ఏడ్చేది. మళ్లీ సావుత్, మళ్లీ సూది. ఆఖరికి కాలు వాచి చర్మం మెరిసిపోతుంటే, సావుత్ తనే వచ్చి ఇక పట్నం తీసుకెళ్లమన్నాడు, తన పేరు మాత్రం ఎత్తొద్దన్నాడు.

"గెంతింది" అంది థారీ. "గెంతుతుండగానే లోపల కుళ్లింది."

చంతూ ఇచ్చిన మాత్రను చెంచా వెనకభాగంతో నూరి, తాటిబెల్లం కలిపి పిల్ల నోట్లో పెట్టింది. కుంథియా మొహం చిట్లించి, "చేదే అమ్మా, బెల్లం కూడా చేదైపోయింది" అంది. నీళ్లు తాగించి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసింది థారీ. పూటపూటకీ అలాగే చూసింది. గిన్నెకి అంటిన పొడిని కూడా వేలితో తుడిచి పిల్ల చేత నాకించింది.

అయినా మర్నాటికల్లా పిల్ల ఒళ్లు వెచ్చబడింది. ఆ మర్నాడు కట్టు పైకి పసుపుపచ్చని తడి ఊరింది. డాక్టరు వచ్చి కట్టు చూశాడు, చార్టు చూశాడు, చివరికి థారీ మొహం చూశాడు.

"మాత్రలు మింగిస్తున్నావా, పారబోస్తున్నావా?"

"మింగిస్తున్నానండీ. ఆ చంతూ అమ్మాయిని అడగండి."

"మీలాంటివాళ్లని నమ్మడానికి లేదమ్మా. ఎదురుగా సరేనంటారు, వెనకాల తీర్థాలూ తాయెత్తులూ. మందు పడుతోంటే జ్వరం ఎందుకొస్తుంది?" ఆయన విసుగ్గా చంతూతో, "మోతాదు పెంచు, రేపు చూద్దాం" అన్నాడు.

చంతూ చార్టులో రాసుకుంది. డాక్టరు వెళ్లాక థారీ మంచం అంచున కూర్చుంది. పిల్ల అరికాలు చేతిలోకి తీసుకుంది. కుడికాలు చల్లగా ఉంది, ఎడమకాలు పెనంలా ఉంది. ఇంకెన్నాళ్లకి ఆ కాలు తీసేస్తారో, ఒంటికాలి పిల్లను ఆ జారుడు గట్లమీద ఎలా నడిపించాలో అనుకుంది. డాక్టరుని తిట్టుకుంది, సావుత్‌ని తిట్టుకుంది, మొగుణ్ణి తిట్టుకుంది. అందరికంటే ఎక్కువ తనని తిట్టుకుంది.

ఆ పూటే సముద్రపొడ్డు పల్లె నుంచి ఒక చామ్ తెగ ముస్లిం అమ్మాయి నాలుగేళ్ల కొడుకుని ఎత్తుకుని వార్డులోకి వచ్చింది. పేరు రొకియా. పిల్లాడు తొడ కదిపితే చాలు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కుంథియా పక్క మంచమే ఇచ్చారు వాళ్లకి.

డాక్టర్ బొరిన్ పిల్లాడి తుంటి నొక్కి చూసి, "ఇంతదాకా ఏం చేస్తున్నావు? నువ్వూ ఉప్పేనా?" అన్నాడు.

"మేం చేపలవాళ్లం బాబూ" అంది రొకియా బెదురుగా. "మాకు ఉప్పెక్కడిది?"

"అయితే చేపనూనె రాశావా? సూదులేమైనా వేయించావా?"

రొకియా తలవంచుకుంది. "లేదు బాబూ."

థారీ అప్పుడే పిల్లాడి చేయి చూసింది. మోచేతి మడతలో చిన్న దూదిముక్క. దాని మీద అతికించింది ప్లాస్టరు కాదు, కరెంటు తీగలకి చుట్టే నీలం టేపు. ఆ టేపు ఎవరు వాడతారో థారీకి ఒకరు చెప్పక్కర్లేదు. కుంథియా చేతి మీంచి అలాంటిదాన్ని ఆమె స్వయంగా ఊడదీసింది.

రొకియా గుడ్డలు ఉతకడానికి వెనక పంపు దగ్గరికి వెళ్తే థారీ కూడా వెళ్లింది. రెండో పంపు తిప్పి, నీళ్ల చప్పుడులో, "సావుతేనా?" అంది.

రొకియా చేతిలోని గుడ్డ జారిపోయింది. "మీకెలా తెలుసక్కా?"

"నీలం టేపు. నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరెందుకు చెప్పలేదు?"

రొకియాకి ముందు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లనిండా నీళ్లొచ్చాయి. "మా పల్లెకి ఇంకెవరూ రారక్కా. పోయినేడు మా అత్తను బతికించాడు. చెబితే పల్లెవాళ్లు నన్ను వెలేస్తారు. చెప్పకపోతే..." ఆమె వార్డువైపు చూసింది. "ఆ డాక్టరు ప్రతివాళ్లనీ అదే అడుగుతున్నాడు, సూది వేశారా అని. అంతలా అడుగుతున్నాడంటే అందులో ఏదో ఉండే ఉంటుంది కదా?"

థారీ పంపు కట్టేసింది. ఆ మాట ఆమెకి ఇంతవరకూ తట్టలేదు. తనని తిట్టడానికి అడుగుతున్నాడనుకుంది. పిల్లకోసం అడుగుతున్నాడేమోనని ఒక్కసారైనా అనుకోలేదు.

"మా కుంథియాని కాస్త కనిపెట్టుకుని ఉండు. జావ క్యారియరులో ఉంది. నేను ఊరెళ్లొస్తా."

సావుత్ ఇల్లు ఊరి మొదట్లో, ఎత్తు స్తంభాల మీద ఉంటుంది. కింద నీడలో స్తంభం నుంచి స్తంభానికి ఉయ్యాలలు కట్టి ఉంటాయి. ఆ వేళ అన్నిట్లోనూ మనుషులున్నారు. దూలానికి కొట్టిన మేకులకి సెలైన్ సీసాలు వేలాడుతున్నాయి. రేడియోలో పాటలొస్తున్నాయి. ఒక ముసలావిడ సెలైన్ ఎక్కించుకుంటూనే తమలపాకులు నములుతోంది.

"రా మరదలా!" అన్నాడు సావుత్. బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటాడు. చేతిలో సూది ఉంది. "పిల్లెలా ఉంది? పళ్లు తిందా?"

"బావగారూ, పిల్లకి మీరు వేసిందేం మందు?"

"ఎందుకూ?"

"డాక్టరుకి చెప్పాలి. జ్వరం మళ్లీ వచ్చింది, చీము మళ్లీ ఊరుతోంది. ఏం వేశారో తెలిస్తే..."

"తెలిస్తే నన్ను జైల్లో పెట్టిస్తాడు, అంతే." అతను ఉయ్యాలలోని ముసలావిడ వైపు తిరిగి కన్నుగీటాడు. "విన్నావా అవ్వా, మా మరదలు నన్ను పట్నానికి పట్టించడానికి వచ్చింది."

"అయ్యో, నువ్వు లేకపోతే మేం ఏమైపోతాం నాయనా" అంది అవ్వ.

"పేరొద్దు, ఊరొద్దు. మందు చెప్పండి చాలు" అంది థారీ. "ఏదో దారిలో సీసా దొరికిందంటాను."

"మూడు కలిపి ఇచ్చానమ్మా. నా కలబోత నాది. పేర్లు చెబితే నీకు అర్థమవుతాయా? వాళ్ల మాత్రలతో తగ్గదని నేను ముందే అనుకున్నా. బిందెడు మంటకి చెంచాడు నీళ్లా? తీసుకొచ్చెయ్ పిల్లని. పెద్ద సీసా పెట్టి..."

అతని మాట పూర్తికాలేదు. థారీ ఇంటి వెనక్కి వెళ్లింది. అక్కడ నీళ్లజాడీ పక్కన, ఉప్పు గోదాము ముద్ర ఉన్న పాత గోనెసంచీ ఉంది. వాడేసిన సీసాలూ గాజుముక్కలూ అందులోనే వేస్తాడు. ఆమె సంచీని నేలమీద బోర్లించింది. గాజు గలగలమని దొర్లింది.

"థారీ! కోసుకుంటాయి చేతులు!" సావుత్ నవ్వు పోయింది.

ఆమె వినలేదు. సూదులు వేస్తున్నప్పుడు పిల్ల కాళ్లు అదిమిపట్టుకుంది తనే. ఏడుపు వినలేక మొహం పక్కకి తిప్పుకుని అతని చేతుల్నే చూస్తూ ఉండేది. నారింజరంగు మూత ఉన్న పొట్టిసీసా, అందులో తెల్లపొడి. గోధుమరంగు గాజుబుడ్డి, మెడ విరిచేది. ఇంకొకటి నీలం గీత ఉన్నది. ఉప్పులో మట్టిబెడ్డలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి క్రమాలో వేసుకుంది. వేలు తెగింది. పాత పగుళ్ల మధ్య కొత్త కోత ఎక్కడుందో కూడా కనపడలేదు.

సావుత్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకి సులువుగా ఉండేది. "మరదలా, నేను చెడు చెయ్యాలని చెయ్యలేదు. పిల్ల ఏడుస్తుంటే చూడలేక, నొప్పి తగ్గాలని వేశా. ఇన్నేళ్లలో మీ ఇంటికి ఎన్నిసార్లొచ్చాను? ఒక్కసారైనా రానన్నానా?"

"అనలేదు" అంది థారీ. "అందుకే మీ పేరు దాచాను. నా పిల్ల కాలు పోతున్నా దాచాను. రండి, మీరే వచ్చి చెప్పండి. డాక్టరు ముందు కాదు, దాని ముందు. ఎందుకు కుళ్లిందో దాని మొహం చూసి చెప్పండి."

అతను రాలేదు. థారీ మూట ముడివేసుకుని రోడ్డెక్కింది. వెనకనుంచి అవ్వ తిడుతున్న తిట్లు మలుపు దాకా వినపడ్డాయి.

ఆమె వార్డులోకి వచ్చేసరికి సాయంత్రం రౌండ్లు జరుగుతున్నాయి. మౌన్ కూడా వచ్చి ఉన్నాడు. ఆమె మొహమూ, చేతిలోని మూటా చూడగానే అతనికి విషయం అర్థమైంది. లేచి అడ్డం రాబోయాడు. థారీ అతన్ని దాటుకుని వెళ్లి కుంథియా మంచం మీద, పిల్ల పాదాల దగ్గర, క్రమా ముడి విప్పింది.

"ఏంటీ చెత్త?" అన్నాడు డాక్టర్ బొరిన్.

"నేను అబద్ధం చెప్పానండీ. పిల్లకి సూదులు పడ్డాయి. మూడువారాలు పడ్డాయి. ఇవే."

"మాక్కూడా" అంది రొకియా పక్క మంచం దగ్గర్నించి. చెప్పేశాక భయం వేసి కొడుకుని దగ్గరికి లాక్కుంది.

డాక్టరు కళ్లజోడు సవరించుకుని ఒక బుడ్డి తీశాడు. చదివాడు. ఇంకొకటి తీశాడు. మొహంలో చిరాకు పోయి ఇంకేదో వచ్చింది. "గోధుమరంగుది స్టెరాయిడ్" అన్నాడు చంతూతో. "జ్వరాన్నీ నొప్పినీ మాయం చేస్తుంది, లోపల జబ్బు దాని పని అది చేసుకుపోతుంది. ఇదిగో, ఈ పొడిమందు వల్లే చీములో క్రిమి పెరగలేదు. మందు పడి ఉండటంతో పరీక్షకి దొరకలేదు, అంతే. నేనేమో శుభ్రంగా ఉందనుకున్నా." ఆయన గబగబా మాట్లాడుతున్నాడు, కాని తిట్టడం లేదు. "మనం ఇస్తున్న మాత్ర దీని తోబుట్టువే. ఇది పనిచెయ్యని చోట అదేం చేస్తుంది? జబ్బు మొదలై ఐదారు రోజులే అనుకున్నాం, వారాల నాటిది. లోపల చచ్చిన ఎముకముక్క ఉండి ఉంటుంది. మాత్రలు ఆపు. వేరే మందు నరంలోకి మొదలుపెట్టు, రేప్పొద్దున మళ్లీ తెరవాలి. ఆ పిల్లాడికి మాత్రం ఇప్పుడే. తుంటికీలులో చీము ఆగకూడదు, ఆపరేషన్ గదికి చెప్పు."

"ఆ వేరే మందు స్టోరులో లేదు సార్" అంది చంతూ మెల్లగా.

"ఆపరేషన్ గది అలమరాలోంచి తీసుకురా. నా పేరు చెప్పు."

చంతూ పరిగెత్తింది. థారీ డాక్టరు వైపు తిరిగింది. "కాలు దక్కుతుందా అయ్యా?"

డాక్టరు మళ్లీ ఒకసారి బుడ్డి వైపు చూశాడు. "ఇవాళ చెప్పావు కాబట్టి దక్కడానికి అవకాశం ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే ఈ మాట కూడా అనలేకపోయేవాణ్ణి." తర్వాత, "ఈ పని మొదటే ఎందుకు చెయ్యలేదమ్మా?" అన్నాడు. ఈసారి ఆ గొంతులో తిట్టు లేదు.

కుంథియా పాదాల దగ్గర దొర్లుతున్న పొట్టిసీసా ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పుతోంది. బడి మానేసి చాలారోజులైంది, చదవడానికి ఏదీ దొరకలేదు పాపం. "అమ్మా, పైన పరాయి అక్షరాలున్నాయి. కింద ఎర్రగా మన అక్షరాలే" అంది. బళ్లో చదివినట్టు సాగదీస్తూ గట్టిగా చదివింది. "ప్రభుత్వ ఆసుపత్రులకు మాత్రమే. అమ్మరాదు."

డాక్టరు చెయ్యి చాచి ఆ సీసా తీసుకున్నాడు. చూశాడు. బొటనవేలు ఎర్రముద్ర మీదికి పోయింది. అప్పుడే మందుతో తిరిగొచ్చిన చంతూ ఆ బొటనవేలినే చూస్తూ ఆగిపోయింది. ఆమె చేతిలో ఉన్న డబ్బా మీద కూడా అదే ముద్ర ఉంది.

వార్డులో ఎవరికీ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఎదుటి కొట్టుకి పరిగెత్తి అదే పొట్టిసీసాలు మోసుకొచ్చినవాళ్లే అందరూ. కొట్లకి అమ్మేటప్పుడు స్టోరులోంచి దాటించేవాళ్లు ముద్ర గోకేస్తారు, ఊళ్లో సావుత్‌కి ఆ మాత్రం కష్టం కూడా పడకుండా అమ్మారు. ఇక్కడ లేని మందు అతని మేకులకి వేలాడింది. తెలిసీ తెలియని చేతుల్లో పడి ఇక్కడికే తిరిగొచ్చింది, పిల్లల ఎముకల్లో చీమై.

"స్టోరు తాళాలు నా దగ్గరుండవు" అన్నాడు డాక్టరు. ఎవరూ అడగకుండానే అన్నాడు.

మౌన్ థారీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "చాల్లే, ఇంక ఊరుకో. రేపు పిల్లని కోసేది ఆయనే. కాలు ఆయన చేతిలో ఉంది."

థారీ ముందు పిల్ల నరంలోకి కొత్త మందు ఎక్కడం చూసింది. చుక్క పడటం మొదలయ్యేదాకా ఆగింది. తర్వాత మొగుడి చెయ్యి విడిపించుకుంది.

డాక్టరు దగ్గరికి వచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా, "ఉప్పువల్ల కాదులే అమ్మా. ఆ రోజు నేను తొందరపడ్డాను" అన్నాడు.

"కాదని నాకు తెలుసు. కాపడం పెట్టి కాల్చింది మాత్రం నేనే, అది నా తప్పే. ఆ మాట మీరు ఎంత గట్టిగా అన్నా పడతాను" అంది థారీ. "ఆ ముద్ర సంగతి చెప్పండి. ఆ మందు ఎక్కడిదో, ఎవరి పిల్లలకి రావాల్సిందో వీళ్లకి చెప్పండి."

తల్లులు ఎవరూ పిలవకుండానే మంచాల దగ్గర్నించి లేచి వచ్చారు. డాక్టర్ బొరిన్ సీసా వైపు చూస్తూ, గొంతులోనే అన్నాడు. "ఇది మన స్టోరు మందే."

"కిటికీ పక్క మంచం వాళ్లకి వినపడలేదు" అంది థారీ. "గట్టిగా చెప్పండి."